పాలు, కాలు, చాలు: వినికిడి తగ్గుతున్న సంగతి ఆలస్యంగా ఎందుకు తెలుస్తుంది

సంక్షిప్తంగా

మోత వల్ల వచ్చే చెవుడు ముందుగా శబ్దాన్ని తగ్గించదు, మాటల్లోని హల్లులను చెరిపేస్తుంది. అందుకే అది ఏళ్ల తరబడి బయటపడదు. శబ్దం ఎంత పెద్దదన్నదే కాక, దాని పక్కన ఎంతసేపు గడిపారన్నది కూడా నష్టాన్ని నిర్ణయిస్తుంది. ఇలా పోయిన వినికిడిని తిరిగి తెచ్చే మందు నేటికీ లేదు. మోతను పుట్టినచోటే తగ్గించడం, దూరంగా ఉండడం, చెవికి అడ్డు పెట్టుకోవడం, పనిలో చేరిన కొత్తలోనే వినికిడి కొలిపించుకోవడం మాత్రమే చేతిలో ఉన్న మార్గాలు.

వినపడుతుంది, తెలియదు

ప్రకాశం జిల్లా చీమకుర్తి చుట్టుపక్కల గ్రానైట్ పనుల్లో పాతికేళ్లు గడిపిన మనిషి రాత్రి భోజనానికి కూర్చున్నాడనుకుందాం. వంటింట్లోంచి కోడలు "పాలు, మామయ్యా?" అని అడుగుతుంది. ఆయన "చాల్లేమ్మా, కడుపు నిండింది" అంటాడు. మామగారికి పరధ్యానం ఎక్కువైందని కోడలు అనుకుంటుంది. ఈ కాలపు పిల్లలు నోట్లో నోట్లో మాట్లాడతారని ఆయన అనుకుంటాడు. ఆ ఇంట్లో ఎవరికీ చెవుడన్న ఆలోచనే రాదు, ఎందుకంటే ఆమె పిలుపు ఆయనకు వినపడింది, ఆయన జవాబు కూడా చెప్పాడు.

పాలు, కాలు, చాలు అన్న మూడు మాటల్లో అచ్చులు ఒకటే, చివరి 'లు' ఒకటే. తేడా అంతా మొదటి హల్లులో ఉంది. అచ్చులు పలికినప్పుడు పుట్టే శక్తి ఎక్కువగా తక్కువ పౌనఃపున్యాలలో, అంటే సన్నని కీచు ధ్వనుల్లో కాక బొంగురు ధ్వనుల్లో ఉంటుంది, బలంగానూ ఉంటుంది. క, చ, త, ప, స, శ వంటి హల్లులు క్షణకాలం మెరిసి మాయమయ్యే బలహీనమైన ధ్వనులు. వాటిలో స, శ, చ వంటివి ఎక్కువ పౌనఃపున్యాల్లో, అంటే సుమారు 2,000 హెర్ట్జ్ పైన ఉంటాయి. మోత వల్ల దెబ్బతినే చెవి ముందుగా కోల్పోయేది సరిగ్గా ఆ ప్రాంతాన్నే. ఫలితంగా మాట పొడవు, స్వరం, లయ అన్నీ చెవిన పడతాయి కానీ ఆ మాట ఏదన్నది జారిపోతుంది.

తెలుగుకు అజంత భాష, అంటే మాటలు అచ్చుతో ముగిసే భాష అని పేరుంది. బస్సు, రోడ్డు, కారు అంటూ ఇంగ్లీషు మాటలకు కూడా చివర అచ్చు తగిలించి పలుకుతాం. మాట మాటకూ బలమైన అచ్చు వినపడుతుండడం వల్ల, హల్లులు పోతున్నా సంభాషణ సాగిపోతున్న భ్రమ కలుగుతుంది. మిగిలిన ఖాళీలను సందర్భం, ఎదుటివారి పెదవుల కదలిక పూరిస్తాయి. ఇంట్లో ఇద్దరే మాట్లాడుకుంటున్నప్పుడు ఈ సర్దుబాటు పనిచేస్తుంది. పెళ్లి పందిట్లోనో, ఒంగోలు బస్టాండులోనో చుట్టూ గోల ఉన్నప్పుడు, లేక మాట్లాడే మనిషి ముఖం అటు తిప్పుకున్నప్పుడు అది కూలిపోతుంది. స్త్రీల, పిల్లల గొంతులు ముందుగా అందకుండా పోవడానికీ మూలం ఎక్కువ పౌనఃపున్యాలు పోవడమే.

చెవి లోపల జరిగేది

బయటి గాలిలోని కదలిక కర్ణభేరిని తాకి, మధ్య చెవిలోని మూడు చిన్న ఎముకల ద్వారా లోపలి చెవిలో నత్తగుల్లలా చుట్టుకున్న కాక్లియాకు చేరుతుంది. అందులో ద్రవం నిండి ఉంటుంది. ఆ ద్రవం కదిలినప్పుడు రోమకణాలనే సున్నితమైన కణాలు వంగి, ఆ కదలికను నాడి అర్థం చేసుకునే విద్యుత్ సంకేతంగా మారుస్తాయి. ఒక్కో చెవిలో ఇవి సుమారు 15,000. వాటిలో 3,500 దాకా ఉన్న లోపలి వరుస కణాలు సంకేతాన్ని మెదడుకు పంపుతాయి. దాదాపు 12,000 ఉన్న బయటి వరుసల కణాలు చిన్న శబ్దాలను పెంచి అందిస్తాయి. మోతకు ముందు బలయ్యేవి ఈ బయటి వరుసలే.

దీన్నిబట్టి, వినికిడి తగ్గిన పెద్దవాళ్లున్న ప్రతి ఇంట్లోనూ వినిపించే ఒక ఫిర్యాదు అర్థమవుతుంది: "గట్టిగా చెప్పు అంటాడు, గట్టిగా చెబితే ఎందుకలా అరుస్తావంటాడు." అది చాదస్తం కాదు. చిన్న శబ్దాలను పెంచే కణాలు పోయినందువల్ల మెల్లని మాట అందదు. పెద్ద శబ్దాలకు ఆ కణాల సాయం అక్కరలేదు కనుక అవి మామూలు చెవికి వినిపించినంత బిగ్గరగానే తగులుతాయి. వినపడకపోవడానికీ భరించలేకపోవడానికీ మధ్య ఉండే జాగా కుంచించుకుపోతుంది.

కాక్లియా మొదటి చుట్టు ఎక్కువ పౌనఃపున్యాలకూ, లోపలి చుట్టు తక్కువ పౌనఃపున్యాలకూ స్పందిస్తుంది. ప్రతి శబ్దమూ మొదటి చుట్టు మీదుగానే సాగాలి. దానికితోడు చెవి రంధ్రం ఆకారం వల్ల 3,000 హెర్ట్జ్ చుట్టుపక్కల ధ్వనులు సహజంగానే పెద్దవై లోపలికి వెళ్తాయి. ఈ రెండూ కలిసి 4,000 హెర్ట్జ్ దగ్గర మొదటి గుంటను తవ్వుతాయి. పక్షుల్లో చనిపోయిన రోమకణాలు మళ్లీ పుడతాయి కానీ మనుషుల్లో పుట్టవు.

తిరునాళ్లలో స్పీకర్ల ముందు గడిపి వచ్చిన రాత్రి చెవులు గుయ్యిమంటాయి, దూది కుక్కినట్టు ఉంటుంది. మర్నాటికో, ఆ మర్నాటికో సర్దుకుంటుంది. సర్దుకుంది కనుక నష్టం లేదని చాలాకాలం వైద్యులు కూడా భావించారు. 2009లో కుజావా, లిబర్‌మన్ అనే శాస్త్రవేత్తలు ఎలుకలపై జరిపిన ప్రయోగం ఆ నమ్మకాన్ని కదిలించింది. రెండు గంటల మోత తరవాత ఎలుకల వినికిడి కొలతలు మామూలు స్థాయికి వచ్చినా, రోమకణాలకూ నాడికీ మధ్య ఉండే అతుకులు కొన్ని ప్రాంతాల్లో సగం దాకా శాశ్వతంగా తెగిపోయాయి. మనుషుల్లో ఇది ఏ మేరకు జరుగుతుందన్న చర్చ ఇంకా సాగుతోంది. ఏదేమైనా, చెవుల్లో హోరు ఆగిపోయిందంటే అంతా కుదుటపడిందని నిశ్చింతగా ఉండడానికి వీల్లేదు.

మోతకూ సమయానికీ లెక్క

శబ్దం ఎంత పెద్దదో కొలిచే డెసిబెల్ లెక్క మామూలు కూడికలా నడవదు. 3 డెసిబెల్స్ పెరిగితే శబ్దశక్తి రెట్టింపవుతుంది, 10 పెరిగితే పది రెట్లవుతుంది. మీటరు దూరంలో మామూలు మాట సుమారు 60 డెసిబెల్స్. 100 డెసిబెల్స్ మోతలో దానికి 10,000 రెట్ల శక్తి ఉంటుంది. అన్ని రెట్లు ఎక్కువైనట్టు చెవికి అనిపించదు, ప్రమాదాన్ని తక్కువగా అంచనా వేయడానికి ఇదొక కారణం.

అమెరికాలోని వృత్తి ఆరోగ్య పరిశోధన సంస్థ నియోష్ సిఫార్సు ప్రకారం 85 డెసిబెల్స్ దగ్గర రోజుకు 8 గంటలు గడపవచ్చు. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కూ సమయం సగానికి తగ్గాలి. అంటే 88 దగ్గర 4 గంటలు, 94 దగ్గర ఒక గంట, 100 దగ్గర 15 నిమిషాలు. కొలిచే పరికరం లేనప్పుడు ఒక మోటు గుర్తు ఉంది. చెయ్యి చాచినంత దూరంలో ఉన్న మనిషితో గొంతు పెంచితే తప్ప మాట్లాడలేకపోతే ఆ చోటు సుమారుగా 85 దాటిందనుకోవచ్చు.

చీమకుర్తి క్వారీల నుంచి నెల్లూరు రైసుమిల్లుల దాకా

నల్లటి రాతిలో బంగారు రవ్వల్లా మెరిసే గెలాక్సీ గ్రానైట్‌కు చీమకుర్తి ప్రపంచ ప్రసిద్ధి. ఆ రాయి క్వారీ నుంచి పాలిష్ పలక అయ్యేదాకా ప్రతి దశలోనూ మోత ఉంటుంది. డ్రిల్లింగ్ జాక్‌హ్యామర్ పట్టుకున్న మనిషి చెవి దగ్గర 100 డెసిబెల్స్ దాటడం మామూలు. పైన చెప్పిన లెక్కలో ఆ మనిషి ఆ రోజుకు సరిపడా మోతను మొదటి పావుగంటలోనే మోసేశాడు. దిమ్మెలను వైరుతో కోసే పద్ధతి డ్రిల్లింగ్ కంటే నయం. పలకల అంచులను చేతి గ్రైండరుతో కోసే పని అలా కాదు: చెవికి రెండడుగుల లోపే యంత్రం, తలపై రేకుల కప్పు, వెనక గోడ. మోత ఎటూ పోకుండా తిరిగి మనిషి మీదికే వస్తుంది.

రాతి దుమ్ము వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బు గురించి ఈ ప్రాంతంలో అంతో ఇంతో మాట వినిపిస్తుంది, దగ్గు కనిపిస్తుంది కనుక. చెవికి నొప్పి లేదు, రక్తం లేదు. పైగా పదేళ్లు పనిచేసినవాడు కొత్తవాడి కంటే మోతను తేలిగ్గా తట్టుకుంటున్నట్టు కనిపిస్తాడు. దాన్ని 'అలవాటు పడడం' అంటారు. చెవి అలవాటు పడదు, ఆ మోతను పట్టుకోవలసిన కణాలు అప్పటికే పోయి ఉంటాయి.

నెల్లూరు వైపు వస్తే మోత అంత తీవ్రం కాదు, కానీ ఎక్కువసేపు ఉంటుంది. రైసుమిల్లులోని జల్లెడలు, ఎలివేటర్లు, పాలిషర్ల మధ్య పని, క్యాబిన్ లేని ట్రాక్టర్ మీద దమ్ము చేయడం, రొయ్యల చెరువుల దగ్గర జనరేటర్ షెడ్డు పక్కనే మంచం వేసుకుని కాపలా పడుకోవడం, తీరంలో డీజిల్ ఇంజను బోటు మీద గంటల తరబడి వేట, జాతీయ రహదారి 16 మీద లారీ క్యాబిన్‌లో రాత్రంతా ప్రయాణం: వీటిలో ఏదీ జాక్‌హ్యామర్ అంత భయపెట్టదు. అయినా 90 డెసిబెల్స్ దగ్గర రెండున్నర గంటలకే 85 దగ్గర గడిపిన పూర్తి రోజుతో సమానమవుతుంది. ట్రాక్టర్ డ్రైవరుకు దమ్ముల కాలంలో రోజుకు రెండున్నర గంటల పనంటే పొద్దున పూట కూడా గడవదు.

చట్టం ఎంతదూరం వస్తుంది

ఫ్యాక్టరీల చట్టం, 1948 మూడో షెడ్యూలు మోత వల్ల వచ్చే వినికిడి లోపాన్ని అధికారులకు తెలియజేయవలసిన వ్యాధుల్లో చేర్చింది. వృత్తి భద్రతపై వచ్చిన 2020 కోడ్ కూడా దాన్ని అలాగే ఉంచింది. గనుల భద్రత డైరెక్టరేట్ జనరల్ 1975 నాటి సర్క్యులర్‌లో 85 డెసిబెల్స్‌ను హెచ్చరిక స్థాయిగా, 90ని ప్రమాద స్థాయిగా పేర్కొంది. కాగితం మీద ఏర్పాటు పాతదే.

లోపం రెండు చోట్ల ఉంది. మొదటిది లెక్కలోనే. దేశంలో దశాబ్దాలుగా నడిచిన నమూనా నిబంధనలు 90 డెసిబెల్స్ దగ్గర 8 గంటలు అనుమతిస్తాయి, ప్రతి 5 డెసిబెల్స్‌కు సమయాన్ని సగం చేస్తాయి. దాని ప్రకారం 100 దగ్గర 2 గంటలు ఉండవచ్చు. నియోష్ లెక్కలో అది 15 నిమిషాలు, అంటే ఎనిమిది రెట్ల తేడా. నలభై ఏళ్ల ఉద్యోగ జీవితంలో 85 దగ్గర పనిచేసినవారిలో 8 శాతం మందికి, 90 దగ్గర పనిచేసినవారిలో 25 శాతం మందికి మోత కారణంగా వినికిడి లోపం అదనంగా వస్తుందని నియోష్ అంచనా. నిబంధనను అక్షరాలా పాటించిన చోట కూడా చెవులు పోవచ్చన్నమాట.

రెండోది చట్టం పరిధి. 1948 చట్టం కరెంటుతో నడిచే చోట పది మంది పనివారుంటే ఫ్యాక్టరీ అంది. 2020 కోడ్ ఆ సంఖ్యను ఇరవైకి పెంచింది. ఐదారుగురితో నడిచే రాతి కటింగ్ షెడ్డు, వెల్డింగ్ షాపు, ఊరి పిండిమర ఆ గీత బయటే మిగిలాయి. మోత మాత్రం పనివాళ్ల సంఖ్యను బట్టి తగ్గదు. చిన్న షెడ్డులో యంత్రానికీ మనిషికీ మధ్య దూరం తక్కువ కనుక తరచూ ఎక్కువే.

ప్లగ్గు పెట్టుకుంటే సరిపోతుందా

నివారణ అనగానే చెవి ప్లగ్గు గుర్తుకొస్తుంది, నిజానికి అది వరుసలో చివరిది. అరిగిన బేరింగు మార్చడం, రేకు అదిరే చోట రబ్బరు వేయడం, కంప్రెషర్‌ను గోడ అవతలకు జరపడం, జనరేటర్‌కు సైలెన్సర్ సరిచేయడం వల్ల అక్కడున్న అందరి చెవులూ ఒకేసారి దక్కుతాయి. ఒకే మనిషిని రోజంతా గ్రైండరు మీద ఉంచకుండా మార్చి మార్చి పంపడానికి ఖర్చు కూడా ఉండదు.

ప్లగ్గు పనిచేసేది సరిగ్గా పెట్టినప్పుడే. స్పాంజి ప్లగ్గును వేళ్ల మధ్య సన్నగా నులిమి, తల వెనక నుంచి రెండో చెయ్యి తెచ్చి చెవి డొప్పను పైకీ వెనక్కీ లాగి, రంధ్రంలోకి పంపి, అది లోపల ఉబ్బేదాకా అరనిమిషం వేలితో పట్టుకోవాలి. సరిగ్గా కూర్చుంటే సొంత గొంతు కుండలోంచి వచ్చినట్టు వినిపిస్తుంది. సగం బయటికి కనిపిస్తుంటే అలంకారమే. దూది ఉండలు, చెవులకు చుట్టిన తువ్వాలు ఆపేది కొద్ది డెసిబెల్స్ మాత్రమే.

తీయడం వల్ల కలిగే నష్టం చాలామంది ఊహకు అందదు. 30 డెసిబెల్స్ ఆపే రక్షణను 8 గంటల పనిలో అరగంట తీసేస్తే, రోజు మొత్తానికి అది ఇచ్చే రక్షణ సుమారు 12 డెసిబెల్స్‌కు పడిపోతుంది. ఆ అరగంటలో లోపలికి వెళ్లిన శక్తి మిగతా ఏడున్నర గంటల జాగ్రత్తను మింగేస్తుంది. మేస్త్రీ పిలుపు వినపడదనీ, లారీ వెనక్కి వస్తే తెలియదనీ కార్మికులు చెప్పే అభ్యంతరం సబబైనదే. దానికి ప్లగ్గు మానేయడం కాక, చేతి సైగలు, వెలిగి ఆరే దీపాలు ఏర్పాటు చేయడం పరిష్కారం.

ఊరేగింపు పెట్టెలు, చెవిలో తీగలు

శబ్ద కాలుష్య నిబంధనలు, 2000 ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బహిరంగంగా లౌడ్‌స్పీకర్లు వాడకూడదు. పండగల కోసం ఏడాదికి 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి దాకా సడలించే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉంది. ఆ సడలింపు సమయానికే కానీ శబ్ద పరిమితికి కాదన్నది నిర్వాహకులు సాధారణంగా మరిచే విషయం.

వినాయక నిమజ్జనం ఊరేగింపులో ట్రాక్టర్ మీద పేర్చిన డీజే పెట్టెల ముందు ఆడే కుర్రవాళ్లకు దూరమే తేలికైన కవచం. బయలు ప్రదేశంలో దూరం రెట్టింపైతే సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. పెట్టెకు రెండు మీటర్ల దగ్గర 100 ఉంటే నాలుగు మీటర్ల దగ్గర 94, ఎనిమిది మీటర్ల దగ్గర 88. పావుగంట గడపదగ్గ చోటు, నాలుగు బారల దూరంలో నాలుగు గంటలు గడపదగ్గ చోటవుతుంది. ఇరుకు వీధిలో గోడలు తిప్పికొట్టడం వల్ల ఇంత తగ్గదు. భుజాల మీద కూర్చోబెట్టుకున్న పసిపిల్లల చెవులు సరిగ్గా పెట్టెల ఎత్తుకు వస్తాయి.

ఇయర్‌ఫోన్ల విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ వారానికి లెక్క కట్టింది: పెద్దలకు 80 డెసిబెల్స్ దగ్గర 40 గంటలు, పిల్లలకు 75 దగ్గర 40 గంటలు. 90కి వెళ్తే వారానికి నాలుగు గంటలే. నెల్లూరు నుంచి కావలికి పల్లెవెలుగు బస్సులో రోజూ కాలేజీకి వెళ్లి వచ్చే విద్యార్థి ఇంజను మోతను మించి పాట వినాలని వాల్యూమ్ పెంచుతాడు. సమస్య పాట కాదు, దాని వెనకున్న బస్సు. బయటి శబ్దాన్ని అడ్డుకునే రకం వాడితే అదే పాట సగం వాల్యూమ్‌లో వినవచ్చు.

మోత కాని కారణాలు

చెవిలో చీము కారడాన్ని 'పిల్లలకు మామూలే' అని వదిలేస్తే కర్ణభేరికి చిల్లు పడి, మధ్య చెవి ఎముకలు అరిగిపోవచ్చు. మోత చెవుడులా కాకుండా దీన్ని మందులతో, శస్త్రచికిత్సతో సరిచేసే అవకాశం ఉంది, ఆలస్యం చేయకపోతే. కాచిన వెల్లుల్లి నూనె, ఆకు పసరు, పిన్నీసు, అగ్గిపుల్ల ఈ పనికి పనికిరావు. గులిమి తనంతట తానే బయటికి వచ్చే పదార్థం, బడ్స్ దాన్ని లోపలికి కుక్కుతాయి.

జెంటామైసిన్, అమికాసిన్ వంటి ఇంజెక్షన్లు, క్యాన్సర్‌కు వాడే సిస్‌ప్లాటిన్ రోమకణాలను దెబ్బతీయగలవు. ప్రాణం కాపాడే మందులు కనుక వీటిని మానేయడం కాదు, వాడే కాలంలో వినికిడి గమనించమని వైద్యుణ్ణి అడగడం సరైన పని. గర్భిణికి రుబెల్లా సోకితే బిడ్డ చెవిటిగా పుట్టవచ్చు. బిడ్డలకు 9 నెలలు నిండాకా, 16 నుంచి 24 నెలల మధ్యా వేసే ఎంఆర్ (తట్టు, రుబెల్లా) టీకా రేపటి తల్లులనూ కాపాడుతుంది. మేనరికాలు ఎక్కువగా ఉన్న కుటుంబాల్లో పుట్టుకతో వచ్చే చెవుడు ఎక్కువ. అలాంటి ఇళ్లలో పసిబిడ్డకు నెల లోపే పరీక్ష చేయించి, మూడో నెలకు నిర్ధారించుకుని, ఆరో నెలకు చికిత్స మొదలుపెడితే మాటలు వచ్చే అవకాశం బాగా పెరుగుతుంది.

ఒక చెవి ఉన్నట్టుండి, గంటల్లోనో రెండు మూడు రోజుల్లోనో వినపడకుండా పోతే అది అత్యవసరం. తొలి రోజుల్లో మొదలుపెట్టే స్టెరాయిడ్ చికిత్సకే ఫలితం ఎక్కువ. జలుబు వల్లనేమోనని రెండు వారాలు ఆగితే ఆ అవకాశం జారిపోతుంది.

సగటు దాచేది, పాత కాగితం చెప్పేది

నెల్లూరు, ఒంగోలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల ఈఎన్‌టీ విభాగాలకు వెళ్లేవారిలో కార్మికులు సాధారణంగా ఎదుటివారి బలవంతం మీద వస్తారు. చత్వారం వస్తే కళ్లద్దాలు పెట్టుకోవడానికి ఎవరూ వెనకాడరు. వినికిడి యంత్రం దగ్గరకొచ్చేసరికి, చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టని నవ్వే భాషలో పెరిగినవాళ్లకు అది నామర్దాగా తోస్తుంది.

ఏ పౌనఃపున్యం దగ్గర వినపడడానికి కనీసం ఎన్ని డెసిబెల్స్ కావాలో చూపే వినికిడి పరీక్ష చార్టు, ఆడియోగ్రామ్, ఎలా చదవాలో తెలియకపోవడం కూడా నష్టం చేస్తుంది. అంకె పెరిగేకొద్దీ లోపం ఎక్కువ, గీత అంత కిందికి దిగుతుంది. ఉదాహరణకు ఒక చార్టులో 500 హెర్ట్జ్ దగ్గర 10, 1,000 దగ్గర 15, 2,000 దగ్గర 25, 4,000 దగ్గర 55 డెసిబెల్స్ ఉన్నాయనుకుందాం. నాలుగింటి సగటు 26 చిల్లర. 'కొద్దిపాటి లోపం' అని రాసి పంపేస్తారు. నిజానికి 4,000 దగ్గరి ఆ గుంటలోనే స, శ, చ మునిగిపోయాయి. దివ్యాంగుల హక్కుల చట్టం, 2016 ప్రకారం రెండు చెవుల్లోనూ 60 డెసిబెల్స్ లోపం ఉంటేనే వినికిడి వైకల్యం కిందకు వస్తుంది. ఈ మనిషి దానికి చాలా దూరంలో ఉన్నాడు, ఇంట్లో మాత్రం పాలకూ చాలుకూ తేడా తెలియడం లేదు.

ఈ లోపం పనివల్లే వచ్చిందని తేల్చడానికి పోల్చి చూడవలసింది పనిలో చేరిననాటి కొలత. మోత ఎక్కువగా ఉండే చోట చేరిన కొత్తలోనూ, ఆ తరవాత ఏడాదికొకసారీ వినికిడి పరీక్ష జరపాలని నమూనా నిబంధనలు చెప్పడంలో ఉద్దేశం అదే. నిబంధన వర్తించని షెడ్డులో చేరే కుర్రవాడు సొంతంగానైనా ఒకసారి పరీక్ష చేయించుకుని, ఆ కాగితాన్ని ఆధార్, రేషన్ కార్డుల సంచిలో దాచుకోవచ్చు. రెండేళ్ల తరవాత తీసే రెండో కాగితంలో 4,000 హెర్ట్జ్ దగ్గర గీత 15 డెసిబెల్స్ కిందికి దిగిందంటే, ఇంట్లో ఎవరూ ఇంకా ఏమీ గమనించకముందే గ్రైండరు దగ్గర నుంచి మారడానికి అతనికి వ్యవధి దొరుకుతుంది.